ఇంట్లో వండితే సున్నా, బోర్డు పెడితే ఐదు శాతం: పన్నులకూ ప్రభుత్వ ఖర్చుకూ ఇంటి చాకిరీతో ఉన్న లెక్క

2025 జులైలో బెంగళూరు చిన్న కొట్ల ముందు క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు ఉన్నట్టుండి మాయమయ్యాయి. వాటి చోట 'క్యాష్ మాత్రమే' అని చేత్తో రాసిన అట్టముక్కలు వేలాడాయి. యూపీఐ ద్వారా వచ్చిన డబ్బు లెక్క చూసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ వేలమంది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. కుందలహళ్లి, మారతహళ్లి వైపు మన తెలుగువాళ్లు నడిపే కర్రీ పాయింట్లలోనూ ఆ నెలంతా ఇదే మాట.

మా వీధి చివర కర్రీ పాయింట్ నడిపే అక్కకు నోటీసు రాలేదు. భయం మాత్రం వచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఇంట్లో పదిమందికి వండిపెట్టినన్నాళ్లు ఎవరూ లెక్క అడగలేదు, అదే పప్పు, అదే గోంగూర గిన్నెలో పెట్టి అమ్మితే లెక్క అడుగుతున్నారు, ఎందుకని? ఇదీ ఆవిడ నన్నడిగింది. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఆ ప్రశ్న వెనక చాలా పెద్ద సంగతే ఉందనిపించింది. ఆదాయపు పన్ను, జీఎస్టీ, ఉచిత బస్సు, ఇల్లాలికి నెలనెలా డబ్బిచ్చే గృహలక్ష్మి, అంగన్‌వాడీ, ఇవన్నీ వేర్వేరు వార్తలుగా మన ముందుకు వస్తాయి. కానీ ఇంట్లో ఎవరు ఏ పని చేయాలి, ఎవరు గడప దాటి జీతానికి పోవాలి అన్న నిర్ణయాన్ని ఇవన్నీ తలా ఒక పక్క నుంచి లాగుతుంటాయి.

గీత ఎక్కడ గీశారు

సొంత ఇంటివాళ్ల కోసం, డబ్బు తీసుకోకుండా చేసే వంట, అంట్లు, బట్టలు, పిల్లల ఆలనాపాలనా, ముసలివాళ్ల సేవ, వీటిని ఈ వ్యాసంలో ఇంటిపని అందాం. అవే పనులు పక్కింట్లో జీతానికి చేస్తే ఉద్యోగం. చేతులు అవే, చీపురూ అదే. డబ్బు చేతులు మారిందా లేదా అన్నదొక్కటే తేడా.

జాతీయాదాయాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతిలో ఈ గీత ఇంకొంచెం మెలిక తిరుగుతుంది. ఇంటి గేదె పాలు పితికితే, ఆ పాలు ఇంట్లోవాళ్లే తాగినా సరే, ఉత్పత్తి కింద లెక్కేస్తారు. ఆ పాలు కాచి చల్లార్చి పిల్లాడికి తాగించడం లెక్కలోకి రాదు. వస్తువుకు చోటుంది, సేవకు లేదు. మన కార్మిక సర్వేలో ఇంకో రకం. భర్త కొట్టులో జీతం లేకుండా కూర్చునే భార్యను 'పని చేస్తున్న వ్యక్తి' గానే రాసుకుంటారు. కొట్టు వెనక గదిలో అదే భర్తకు వండిపెట్టే గంటలకు ఆ హోదా లేదు. 2017-18లో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామిక భాగస్వామ్యం 23.3 శాతం. 2023-24 నాటికి అది 41.7 శాతమైంది. ఈ పెరుగుదలలో పెద్ద వాటా స్వయం ఉపాధిదీ, ఇలా జీతం లేని సహాయకులదీ. ఆ అంకె చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక గంటల లెక్క. జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్లు, పిల్లల, ముసలివాళ్ల సంరక్షణ కాకుండానే, రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెట్టారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో అవి 289, 88. ఐదేళ్లలో ఇద్దరికీ కాస్త తగ్గింది, మధ్యలో ఉన్న మూడు గంటల పైచిలుకు తేడా మాత్రం కదల్లేదు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో ఈ 2019 అంకెలనే ఆధారంగా తీసుకుంది. చనిపోయిన గృహిణి చేసిన పనికి విలువ కట్టాల్సిందేనని ఆ తీర్పులో విడిగా వివరంగా రాసినవారు మన తెలుగువారే, జస్టిస్ ఎన్.వి. రమణ. గృహిణి పని విలువ రోజుకూలీ కనీస వేతనం కన్నా తక్కువ కాకూడదని 2024లో అదే కోర్టు ఇంకో కేసులో చెప్పింది.

అంటే చనిపోయాక కోర్టు విలువ కడుతోంది. బతికుండగా పన్ను చట్టం దాన్ని చూడదు. చూడకపోవడానికి న్యాయమైన కారణమే ఉంది. ఇంటిపనికి నెలకు పదిహేను వేల విలువ కట్టి, దానిమీద పన్ను కట్టమంటే ఆ ఇల్లాలు డబ్బెక్కడి నుంచి తెస్తుంది? అలా వేయాలని ఎవరూ అడగరు. కానీ ఒక పనికి పన్ను లేకుండా, అదే పని బజారుకు వస్తే పన్ను ఉన్నప్పుడు, త్రాసు ఒక పక్కకు వంగుతుంది. మిగతా చిక్కులన్నీ ఆ వంపు నుంచే మొదలవుతాయి.

వంద రూపాయల పనికి నూట నలభై ఐదు

ఇడ్లీ పిండి తీసుకుందాం. విడిగా తూకం వేసిన బియ్యానికీ మినప్పప్పుకూ జీఎస్టీ లేదు. ఇంట్లో నానబెట్టి రుబ్బుకుంటే ఆ రుబ్బడానికీ లేదు. రుబ్బిన పిండి ప్యాకెట్ కొంటే 5 శాతం. హోటల్లో ఇడ్లీ తింటే 5 శాతం. రుబ్బే శ్రమ తగ్గించే మిక్సీ మీద, బట్టలుతికే మెషీన్ మీద 18 శాతం. 2018 జులైలో 28 నుంచి దింపితే అక్కడ ఆగింది. రెడీమేడ్ పరోటా అయితే ఐదేళ్లు నలిగింది. అది రొట్టె కిందికి రాదు, 18 శాతం కట్టాలని 2020లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ (దేనికెంత పన్నో ముందుగా తేల్చి చెప్పే సంస్థ) చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోటీ, పరోటా రెండింటికీ పన్ను ఎత్తేశారు.

నిజానికి ఈ 5 శాతాలు పెద్ద బరువేం కాదు. అసలు బరువు జీతం దగ్గర పడుతుంది, చాలామంది గమనించరు. 30 శాతం స్లాబులో ఉన్న ఉద్యోగికి సెస్సుతో కలిపి చివరి రూపాయి మీద 31.2 శాతం పన్ను. వంటామెకు 100 రూపాయలివ్వాలంటే ఆ ఉద్యోగి ముందు 145 రూపాయలు సంపాదించాలి. కొట్టు యజమాని తన పనివాడి జీతాన్ని ఖర్చు కింద చూపించి, మిగిలిన దానిమీదే పన్ను కడతాడు. ఉద్యోగం చేసే తల్లి తన బిడ్డను చూసే ఆయా జీతాన్ని అలా చూపించలేదు. ఆయా లేకపోతే ఉద్యోగమే లేదన్నా చట్టానికి అది సొంత ఖర్చే.

ఇది అన్యాయమనేవాళ్లు స్వీడన్‌ను చూపిస్తారు. అక్కడ 2007 నుంచి ఇంటి ఊడ్పు, పిల్లల సంరక్షణ లాంటి సేవలకు పెట్టిన కూలి ఖర్చులో కొంత భాగం పన్నులో మినహాయించుకోవచ్చు, మొదట్లో అది సగం ఉండేది. బిల్లు ఉంటేనే మినహాయింపు కాబట్టి పనివాళ్ల జీతం కూడా లెక్కల్లోకి వచ్చిందనేది వాళ్ల వాదన. ఎదుటివాళ్ల వాదనా బలమైనదే. పన్ను కట్టేవాళ్లకే పన్ను మినహాయింపు పనికొస్తుంది. మన దేశంలో కొత్త ఆదాయపు పన్ను విధానం కింద ఉద్యోగులకు 12.75 లక్షల జీతం వరకూ పన్నే లేదు. అలాంటప్పుడు ఆయా ఖర్చు మినహాయింపు పై వరుసలో ఉన్న కొద్దిమందికే చేరుతుంది. ఆ పన్ను సొమ్ముతో శిశు సంరక్షణ కేంద్రం తెరిస్తే వంటామె బిడ్డకూ చోటు దొరుకుతుంది. రెండో మాటే నాకు సరైనదనిపిస్తుంది, కేంద్రం నిజంగా తెరిస్తే.

భార్యాభర్తలు కలిసి పన్ను కడితే ఎవరికి లాభం

చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ 2025 బడ్జెట్‌కు ముందు ఒక సూచన చేసింది. దంపతులు కావాలనుకుంటే ఇద్దరి ఆదాయాన్నీ కలిపి ఒకే రిటర్ను వేసే వీలు ఇవ్వాలని. అప్పట్నుంచి ఏటా బడ్జెట్ ముందు ఈ మాట లేస్తోంది. ఎలక్ట్రానిక్ సిటీకి పోయే ఉద్యోగుల గుంపుల్లో దీనికి మంచి ఆదరణ ఉంది, ముఖ్యంగా ఒక్క జీతం మీద నడిచే ఇళ్లలో. లెక్క వేసి చూద్దాం.

భర్త జీతం ఏడాదికి 24 లక్షలు. భార్య ఇంట్లో ఉంది, 6 లక్షల ఉద్యోగం చూసుకోవాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఇప్పటి కొత్త విధానంలో, జీతగాళ్లందరికీ ఇచ్చే 75 వేల మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) తీసేశాక, భర్తకు సెస్సుతో కలిపి పన్ను 2,92,500. భార్య ఉద్యోగంలో చేరినా ఆమె 6 లక్షల మీద పన్ను సున్నా. ఆమె చేరినా చేరకపోయినా ఇంటి పన్ను మారదు.

ఇప్పుడు ఉమ్మడి రిటర్ను ఊహిద్దాం. అలాంటి చట్టం ఇంకా లేదు కాబట్టి, స్లాబులన్నీ రెండింతలు చేశారనీ, 12 లక్షల దాకా పన్నును మాఫీ చేసే రిబేటు లేదనీ అనుకుందాం. భార్య ఇంట్లోనే ఉంటే ఇంటి పన్ను 1,17,000కు పడిపోతుంది. అంటే 1,75,500 మిగులు. ఆమె ఉద్యోగంలో చేరితే పన్ను 1,95,000. ఇప్పటితో పోలిస్తే అప్పుడు కూడా 97,500 మిగులే. ఏ దారిన చూసినా కుటుంబానికి లాభం.

మరి చిక్కెక్కడ? ఉద్యోగంలో చేరడం వల్ల పెరిగే పన్ను చూడండి. ఇప్పుడైతే సున్నా. ఉమ్మడి పద్ధతిలో 78,000. భర్త అప్పటికే కింది స్లాబులన్నీ నింపేశాడు కాబట్టి భార్య మొదటి రూపాయి నేరుగా పై స్లాబులో పడుతుంది. పైగా ఎక్కువ లాభం ఆమె ఇంట్లో ఉన్నప్పుడే. అమెరికా 1948లోనూ, పశ్చిమ జర్మనీ 1958లోనూ ఇలాంటి పద్ధతి పెట్టాయి. స్వీడన్ 1971లో ఉమ్మడి పన్నును వదిలి ఎవరి పన్ను వాళ్లదే అన్న పద్ధతికి మారింది, పెళ్లయిన ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి రావడానికి ఆ మార్పు తోడ్పడిందని ఆర్థికవేత్తలు విస్తారంగా రాశారు.

ఉమ్మడి వైపు మాట్లాడేవాళ్ల న్యాయం కూడా వినాలి. చెరి 12 లక్షలు తెచ్చే జంటకు పన్ను లేదు. ఒక్కరే 24 లక్షలు తెచ్చే ఇంటికి దాదాపు మూడు లక్షలు. ఇంటికొచ్చే డబ్బు ఒకటే, పెంచాల్సిన పిల్లలూ అంతే. ఇంట్లో ఉన్న మనిషి చేసే చాకిరీని గుర్తించేది ఈ మినహాయింపేనని వాళ్లంటారు. అయితే ఆ గుర్తింపు ఎవరి చేతికి వెళ్తుందో చూడాలి. మిగిలే డబ్బు జీతం అందుకునేవాడి ఖాతాలో మిగులుతుంది. మన దగ్గర ఒకప్పుడు ఆడవాళ్లకు విడిగా ఎక్కువ పన్ను పరిమితి ఉండేది. 2010-11లో మగవాళ్లకు 1.6 లక్షలైతే ఆడవాళ్లకు 1.9 లక్షలు. 2012-13 నుంచి అందరికీ ఒకటే చేశారు. సంపాదించే ఆడమనిషి చేతిలోనే నేరుగా డబ్బు మిగిల్చిన పద్ధతి అది, కొద్దిపాటిదే అయినా.

ఆ 6 లక్షల ఉద్యోగం గురించి ఇంకొక్క మాట. పన్ను సున్నా అనుకున్నాం కదా. డే కేర్‌కు నెలకు 12,000, వంటకూ ఇంటిపనికీ 8,000, రాకపోకలకు 4,000 అనుకోండి. ఏడాదికి 2.88 లక్షలు. నెలకు 25,000 దాటిన జీతం కాబట్టి వృత్తి పన్ను 2,500. యాభై వేల జీతంలో చేతికి మిగిలేది పాతికవేల పైన కొంచెం. ఆదాయపు పన్ను స్లాబుల మీద మనం గంటలు గంటలు వాదించుకుంటాం కానీ, ఈ ఇల్లాలి లెక్కలో అసలైన పన్ను డే కేర్ బిల్లు. ఏ స్లాబూ దాన్ని ముట్టుకోదు.

సెలవు ఖర్చు ఎవరి నెత్తిన

2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి జీతంతో కూడిన సెలవును 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ తప్పనిసరి చేశారు. మంచి చట్టం. ఖర్చు మాత్రం ప్రభుత్వం పెట్టుకోలేదు. ఆఫీసు ఉద్యోగికి ఆ జీతం యజమానే కట్టాలి. ఆడవాళ్లను తీసుకున్న సంస్థకే ఆ ఖర్చు పడుతుంది కాబట్టి, తీసుకునేటప్పుడే వెనకాడే ప్రమాదం ఉందని విమర్శకులంటారు. పైకి పన్నులా కనిపించకపోయినా ఆడ ఉద్యోగి మీద వేసిన పన్నులాగే ఇది పనిచేయవచ్చు.

పీణ్య, బొమ్మనహళ్లి గార్మెంట్స్‌లో కుట్టుపని చేసేవాళ్ల సంగతి వేరు. 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ అనే కార్మికుల బీమా ఉంటుంది. జీతంలో వాళ్ల వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. ప్రసూతి సెలవు డబ్బు ఆ ఉమ్మడి నిధి నుంచి వస్తుంది. ఆడవాళ్లున్న సంస్థా, లేని సంస్థా ఒకే రేటు కడతాయి, భారం పంచుకున్నట్టవుతుంది. ఐటీ పార్కు ఉద్యోగికి లేని ఈ సౌకర్యం టైలరమ్మకు ఉంది. పద్ధతిగా చూస్తే టైలరమ్మదే మెరుగు.

ఆ టైలరమ్మలే 2016 ఏప్రిల్‌లో బెంగళూరు రోడ్లను స్తంభింపజేశారు. పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్ల వరకూ తీయకూడదని కేంద్రం పెట్టిన నిబంధన మీద కోపం అది. రెండు రోజుల్లో కేంద్రం వెనక్కి తగ్గింది. కాగితం మీద పీఎఫ్ వృద్ధాప్యపు పొదుపు. ఉద్యోగం మానేసి కాన్పుకో, పిల్లల చదువుకో, అమ్మ మంచాన పడితే చూసుకోవడానికో ఊరికి వెళ్లే ఆడవాళ్లకు అది ఆ ఖాళీ నెలల్ని దాటించే డబ్బు. ఇంటిపనికీ జీతపు పనికీ మధ్య వాళ్లు తిరుగుతూ ఉంటారు, చట్టం రాసినవాళ్లు మాత్రం ఒకే ఉద్యోగంలో 58 దాకా ఉండే మనిషిని ఊహించుకున్నారు.

బస్సు, నీళ్లు, గ్యాసు: ఖర్చు వైపు నుంచి

పన్ను వసూలు ఒక చెయ్యి. ఆ డబ్బు ఎక్కడ పెడతారన్నది రెండో చెయ్యి. ఇంటిపని గంటల్ని నేరుగా తగ్గించేదీ పెంచేదీ రెండోదే.

2024 మార్చిలో బెంగళూరు నీటి కరువు గుర్తుందా? బోర్లు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కాపలా కాసింది ఎక్కువగా ఆడవాళ్లే. కూలికి పోవాల్సిన పూట నీళ్ల కోసం ఆగిపోతే కోల్పోయిన కూలి ఎవరి లెక్కలోనూ పడదు. ఆ ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలైంది. రోజుకు 775 మిలియన్ లీటర్లు, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం. బడ్జెట్ పుస్తకంలో అది పైపుల ఖర్చు. కొళాయి వచ్చిన ఇంట్లో అది రోజుకు గంటో రెండు గంటలో తిరిగొచ్చినట్టు.

గ్యాసు పొయ్యి కట్టెల వేటను తప్పించినట్టే, బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం ఒక క్యారేజీ సర్దే పనిని తప్పిస్తుంది. తమిళనాడు 2022లో బడి పిల్లలకు ఉదయం టిఫిన్ కూడా మొదలుపెట్టింది. ఆరింటికే పనికి బయల్దేరే తల్లికి దాని విలువ ఏమిటో చెప్పాల్సిన పని లేదు. బెంగళూరులో 2017లో వచ్చిన ఇందిరా క్యాంటీన్లు 5 రూపాయలకు టిఫిన్, 10 రూపాయలకు భోజనం పెట్టి, ఒంటరిగా వచ్చి కూలి చేసుకునేవాళ్లకు వంటిల్లు లేని లోటు తీర్చాయి.

2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద కర్ణాటక ఆడవాళ్లు మామూలు ప్రభుత్వ బస్సుల్లో టికెట్ లేకుండా తిరుగుతున్నారు. 2025 జులై నాటికి 500 కోట్ల ప్రయాణాలు దాటాయి. నెలకు 12,000 తెచ్చుకునే మనిషి రోజుకు రానూపోనూ 40 రూపాయలు పెడుతోందనుకుందాం. 26 రోజులకు 1,040. జీతంలో దాదాపు 9 శాతం. ఆ ఖర్చు పోతే జీతం 9 శాతం పెరిగినట్టే, ఆదాయపు పన్ను ఎంత తగ్గించినా ఆమెకు ఇంత మేలు చేయలేరు, ఎందుకంటే ఆమె కట్టే ఆదాయపు పన్నే లేదు. ఇంటికి నడక దూరంలోనే పని వెతుక్కోవాల్సిన అవసరం కూడా తగ్గుతుంది, కాస్త దూరమైనా మంచి జీతమిచ్చే ఇల్లు చూసుకోవచ్చు. అభ్యంతరాలున్నాయి. రవాణా సంస్థలకు ప్రభుత్వం కట్టాల్సిన సొమ్ము ఆలస్యమవుతోందని ఫిర్యాదులున్నాయి. 2025 జనవరిలో టికెట్ ధరలు 15 శాతం పెంచారు, అది మగవాళ్ల మీదా, శక్తి అందని ఆడవాళ్ల మీదా పడింది. ఉన్న డబ్బు టికెట్‌కు పెట్టే బదులు ఎక్కువ బస్సులు నడపాలన్న వాదనలో పస ఉంది. గంటకొక బస్సు వచ్చే చోట ఉచిత టికెట్ ఏం చేసుకోవాలి?

శక్తి అందని ఆడవాళ్లు అన్నాను. వాళ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఉచిత టికెట్ కావాలంటే కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మదనపల్లె నుంచో కదిరి నుంచో వచ్చి ఐదారేళ్లుగా అపార్ట్‌మెంట్లలో పని చేస్తున్నా, ఆధార్‌లో ఊరి చిరునామాయే ఉంటే కండక్టర్ డబ్బులు అడుగుతాడు. చిరునామా మార్చుకోవాలంటే ఇంటి ఓనరు కాగితం ఇవ్వాలి. మార్చుకుంటే ఊళ్లో రేషన్ కార్డు ఏమవుతుందో అన్న భయం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో స్త్రీశక్తి పేరుతో ఉచిత బస్సు వచ్చింది. ఆ కార్డుతో పండక్కి ఊరెళ్లినప్పుడు అక్కడ తిరగొచ్చు, రోజూ పనికెళ్లే చోట తిరగలేదు. తను కొనే సబ్బు మీదా సెల్‌ఫోన్ రీఛార్జి మీదా జీఎస్టీలో సగం కర్ణాటకకే వెళ్తోంది. చెన్నైలో 2021 నుంచి మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఏ ఊరిదానివని అడగరు. ఒకే పథకం, రాసిన తీరు వేరు.

గృహలక్ష్మి జీతమా, సాయమా

2023 ఆగస్టు నుంచి కర్ణాటకలో రేషన్ కార్డు మీద ఇంటి పెద్దగా ఉన్న ఆడమనిషికి నెలకు 2,000 వస్తోంది. దాదాపు 1.2 కోట్ల మందికి. శక్తి, గృహలక్ష్మి లాంటి ఐదు ఎన్నికల హామీ పథకాలు, అంటే ఐదు గ్యారంటీలూ కలిపి 2025-26 బడ్జెట్లో 51 వేల కోట్లు, 4.09 లక్షల కోట్ల మొత్తంలో ఎనిమిదో వంతు. అందులో సగానికి పైగా గృహలక్ష్మికే.

ఉచితాల వల్ల పనిచేసే బుద్ధి పోతుందన్న మాట ఇక్కడే ఎక్కువ వినిపిస్తుంది. పేద దేశాల నగదు పథకాల మీద జరిగిన ప్రయోగాలను కలిపి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, రీమా హన్నా తదితరులు 2017లో చూసినప్పుడు జనం పని మానేశారనడానికి ఆధారం దొరకలేదు. నెలకు 2,000తో ఇల్లు గడవదు, పని మానడానికి అది చాలదు. బస్సు దిగి మందులషాపులో ఎవర్నీ అడక్కుండా ఖర్చుపెట్టగలిగే డబ్బు అవుతుంది. దాని బలం అదే.

స్త్రీవాదుల్లోనే దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. 1972 ప్రాంతంలో ఇటలీలో, బ్రిటన్‌లో ఇంటిపనికి జీతం అడిగిన ఉద్యమం వచ్చింది, సెల్మా జేమ్స్, సిల్వియా ఫెదెరిచి లాంటివాళ్లు నడిపారు. డబ్బు ఇస్తేనే అది పని అని అందరికీ కనిపిస్తుందని వాళ్లన్నారు. అలా ఇస్తే వంటగది శాశ్వతంగా ఆడదాని పేరు మీద రాసినట్టవుతుందని ఇంకొందరు. గృహలక్ష్మి అన్న పేరులోనే ఆ భయానికి ఊతం ఉంది. నా వరకు ఆ 2,000 ఉండాలి. దాన్ని ఇంటిపని జీతంగా చెప్పుకోవడం మాత్రం తప్పు. రోజుకు 289 నిమిషాల లెక్కన నెలకు 140 గంటలకు పైగా, గంటకు 14 రూపాయలు పడుతుంది.

ఇక మొదట చెప్పిన కర్రీ పాయింట్ దగ్గరికి వద్దాం, పన్ను, సాయం అనే రెండు దారాలూ కలిసి ముడిపడేది అక్కడే. గృహలక్ష్మికి ఒక షరతు ఉంది. ఆమె గానీ భర్త గానీ ఆదాయపు పన్ను కట్టినా, జీఎస్టీ రిటర్నులు వేసినా అనర్హులు. వండి అమ్మే కొట్టుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షల అమ్మకాలు దాటితే తప్పనిసరి. లాభం కాదు, అమ్మకం. రోజుకు అయిదున్నర వేల గల్లా అన్నమాట.

అమ్మకంలో ఐదో వంతు ఆవిడకు మిగులుతుందనుకుందాం. 19.9 లక్షలు అమ్మితే మిగిలేది 3.98 లక్షలు. గృహలక్ష్మి 24,000 కలిపి 4.22 లక్షలు. ఇంకొంచెం కష్టపడి 22 లక్షలు అమ్మిందనుకోండి. మిగులు 4.4 లక్షలు. చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద ఒకే రేటున కట్టే కాంపోజిషన్ పద్ధతిలో 5 శాతం, అంటే 1.1 లక్షలు పన్ను. కొనేవాళ్ల దగ్గర విడిగా వసూలు చేయడానికి లేదు. గృహలక్ష్మి పోయింది. చేతిలో 3.3 లక్షలు. ఎక్కువ వండినందుకు 92,000 తక్కువ. మళ్లీ పాత 4.22 లక్షలకు చేరాలంటే అమ్మకాలు 28 లక్షలు దాటాలి. ఈ మధ్యలో ఉన్న ఎనిమిది లక్షల గోతిని దూకలేక చాలామంది ఒడ్డునే ఆగిపోతారు, లేదా క్యూఆర్ కోడ్ చించేస్తారు. పన్ను శాఖ వాదనా కొట్టిపారేసేది కాదు. అదే వీధిలో రిజిస్టరైన టిఫిన్ సెంటర్ ఏళ్లుగా పన్ను కడుతుంటే, పక్కన ముప్పై లక్షలు అమ్మేవాళ్లు కట్టకపోవడం వాళ్లకు అన్యాయం. 2025 జులై 23న ముఖ్యమంత్రి సిద్దరామయ్య పాత బకాయిలు వసూలు చేయబోమనీ, ఇకపై మాత్రం రిజిస్టర్ కావాలనీ చెప్పడంతో గొడవ చల్లారింది. గోయి మాత్రం అలాగే ఉంది. ఇక్కడ చెడ్డదైన నిబంధన ఏదీ లేదు. 20 లక్షల గీత సబబే, 5 శాతం సబబే, పన్ను కట్టేవాళ్లకు సాయం వద్దనడమూ సబబుగానే వినిపిస్తుంది. మూడూ ఒకే గుమ్మం దగ్గర కలిసి నిలబడటమే సమస్య.

ప్రభుత్వమే ఇచ్చే గౌరవ వేతనం

ఆడవాళ్ల గంటల్ని మిగిల్చే పథకాలను నడిపేది మళ్లీ ఆడవాళ్లే. అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది, కర్ణాటకలో తొలి కేంద్రాలు మైసూరు దగ్గర టి. నరసీపురలో. యాభై ఏళ్లు దాటింది. అక్కడ పనిచేసేవాళ్లకు ఇచ్చేదాన్ని ఇప్పటికీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2018లో కేంద్రం ఖరారు చేసిన మొత్తం కార్యకర్తకు నెలకు 4,500, సహాయకురాలికి 2,250. మిగతాది రాష్ట్రాలు కలుపుతాయి. మధ్యాహ్న భోజనం వండేవాళ్లదీ ఆశా కార్యకర్తలదీ ఇదే బాట. బెంగళూరు ఫ్రీడం పార్కులో వాళ్ల ధర్నాలు చూడని ఏడాది లేదు. అంగన్‌వాడీ వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

పిల్లల్ని చూడటం, వండటం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన సేవాగుణం అన్న భావన ఇంటి గడప దాటి బడ్జెట్లోకి వచ్చింది. ఇంట్లో ఉచితంగా చేసే పని కాబట్టి బయట చౌకగా చేయిస్తున్నారు. ఇది నాకు ఈ మొత్తం విషయంలో అన్నింటికన్నా బాధ కలిగించే సంగతి. పక్కింట్లో పనిచేసే అమ్మాయికి మనమిచ్చే జీతం కూడా ఆ చౌకలోంచే పుడుతుంది. ఇంటి పనివాళ్లకు కనీస వేతనం ప్రకటించడంలో 2004లోనే ముందడుగు వేసిన రాష్ట్రం కర్ణాటక. వాళ్ల సంక్షేమ నిధికి పని చేయించుకునే ఇళ్ల నుంచి కొంత రుసుము తీసుకోవాలన్న ముసాయిదా 2025లో వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో అప్పుడే గొణుగుడు మొదలైంది. రుసుము వేస్తే పనిలో పెట్టుకోవడం తగ్గిస్తారన్న ఆందోళన ఒకటి. జీతంలోంచే ఆ రుసుము కోసేస్తారన్నది ఇంకొకటి, పనివాళ్ల నుంచే విన్నాను.

కర్రీ పాయింట్ అక్క క్యూఆర్ స్టిక్కర్ మళ్లీ అతికించింది. నెలనెలా అమ్మకాలు నోటుబుక్కులో రాస్తోంది. మొన్న ఆ పుస్తకం నాకిచ్చి 20 లక్షలకు ఎంత దూరంలో ఉన్నానో చూడమంది. 17 దాటింది. ఈ ఏడాదికి ఆదివారాలు మూసేస్తానంది, అప్పుడు గీత దాటదు. ఆదివారం ఏం చేస్తావని అడిగితే, వారం బట్టలు అలాగే ఉన్నాయి, అత్తయ్యను ఆస్పత్రికి తీసుకెళ్లాలి, పిల్లదాని తల అంటాలి అని చెప్పుకుంటూ పోయింది. ఆ పుస్తకంలో అవి రాసే గడి లేదు.